మారాం చేసే పిల్లలతో: మొదటి అయిదు నిమిషాలు, తర్వాతి పది రోజులు

కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన సీసాల్లో చాక్లెట్లు, పైన తీగకు చిప్స్ పొట్లాల దండ. రెండున్నరేళ్ల పిల్లవాడు చెయ్యి చాచాడు. వద్దన్నారు. ముందు సణిగాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత నేల మీద పడి కాళ్లు కొట్టుకున్నాడు. కొట్టతను అటే చూస్తున్నాడు, వెనకాల ఇద్దరు ఆగిపోయారు. మూడో నిమిషంలో పది రూపాయల పొట్లం చేతిలో పడింది, ఏడుపు ఠక్కున ఆగింది.

ఆ మూడు నిమిషాల్లో ఇద్దరు రెండు పాఠాలు నేర్చుకున్నారు. సణిగితే రాదు, నేల మీద పడితే వస్తుందని పిల్లవాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే గోల ఆగుతుందని మీరు నేర్చుకున్నారు. వీటిలో మీరు నేర్చుకున్నదే ఎక్కువ చేటు. గెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒరెగాన్‌లో మనుషుల్ని ఇళ్లకు పంపి, ఎవరు ఏమన్నారు, దానికి అవతలివాళ్లు ఏం చేశారు అన్నది వరసగా రాయించాడు. పిల్లల మొండితనం ఎక్కువగా ఇలాంటి బేరాల్లోనే ముదురుతుందని 1982లో వివరించాడు. ఒకరు గొంతు పెంచుతారు, రెండోవారు దిగివస్తారు, ఇద్దరికీ ఆ క్షణానికి హాయి. ఆ హాయి కోసమే రేపు ఇద్దరూ అదే దారి పడతారు.

ఇక్కడ చెప్పేది ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల పిల్లల గురించి. ఈ వయసులో మారాం జబ్బు కాదు, పెంపకంలో లోపమూ కాదు. ఏడాది దాటాక మొదలై, రెండు మూడేళ్ల మధ్య ముదిరి, నాలుగు దాటాక చాలామందిలో పలచబడుతుంది. ఈ వయసు పిల్లల కోరిక పెద్దది, మాట చిన్నది. రెండేళ్లు నిండేసరికి యాభై దాకా మాటలు, "పాలు కావాలి" అని రెండు మాటలు కలపగలగడం ఒక మోస్తరు కొలత. "నువ్వు కలిపిన ముద్ద వద్దు, నేనే కలుపుకుంటా, అదీ అక్క పళ్లెంలో" అన్న సంగతి ఆ యాభై మాటల్లో ఇమడదు. పైగా ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అందుకని "వీడు కావాలనే చేస్తున్నాడు" అన్నది సగమే నిజం. మారాం మొదలవడం వాడి చేతిలో లేదు. అది ఎంత గట్టిగా, ఎంతసేపు సాగితే పని జరుగుతుందన్నది మాత్రం మన దగ్గరే నేర్చుకుంటాడు. మార్చగలిగింది ఆ రెండోదాన్నే.

అయిదు నిమిషాల లోపల జరిగేది

అమెరికాలోని విస్కాన్సిన్‌లో మైకేల్ పొటెగాల్, రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం ఏడాదిన్నర నుంచి అయిదేళ్ల వయసున్న 335 మంది పిల్లల తల్లిదండ్రుల చేత ఒక్కో మారాం ఎలా నడిచిందో వివరంగా రాయించుకుంది. 2003లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువగా కనబడిన నిడివి అర నిమిషం నుంచి నిమిషం. నాలుగింట మూడు వంతులు అయిదు నిమిషాల్లోపే అయిపోయాయి. పక్కన నిలబడ్డవాళ్లకు అది అరగంటలా అనిపిస్తుంది, అది వేరే సంగతి.

అదే పరిశీలనలో ఇంకో మంచి విషయం తేలింది. మారాంలో ఉండేది ఒక్క కోపమే కాదు. కోపం, దుఃఖం రెండూ పెనవేసుకుని ఉంటాయి, కానీ రెండిటి నడక వేరు. అరవడం, తన్నడం, విసరడం, కొట్టడం గబగబా పైకి లేచి అంతే వేగంగా దిగిపోతాయి. ఏడుపు, సణుగుడు, ఒడి వెతుక్కోవడం చివరికి వచ్చేకొద్దీ పైకి తేలతాయి. మొదటి అర నిమిషంలోనే కాళ్లు నేలకేసి కొట్టిన, లేదా నేల మీద పడిపోయిన పిల్లల మారాం త్వరగా ముగిసేదట, పెద్దలు కల్పించుకోవాల్సిన అవసరమూ తక్కువ పడేదట.

దీన్నిబట్టి మీరు చేయాల్సిందేమిటంటే, కోపం పైకి లేస్తున్నప్పుడు నచ్చజెప్పబోవద్దు. ఎంత తియ్యగా చెప్పినా అప్పుడది ఎక్కదు, పైగా ప్రతి ప్రశ్నా మంటలో పుల్ల. "ఏం కావాలి నాన్నా? ఇదా? అదా? బిస్కెట్ ఇవ్వనా?" అని వరసగా అడిగితే రెండు నిమిషాల్లో తేలాల్సింది ఎనిమిదికి సాగుతుంది. దిగుతున్న గుర్తు కోసం చూడండి. అరుపు సాగి ఏడుపవుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, చూపు మీ ముఖం కోసం తిరుగుతుంది, చేతులు పైకి లేస్తాయి. అప్పుడు ఎత్తుకోండి, వెన్ను నిమరండి. ఓదార్చితే గారం అవుతుందని కొందరికి భయం. ఓదార్పు వేరు, వస్తువు వేరు. ఒడి ఎప్పుడూ ఇవ్వొచ్చు, చిప్స్ పొట్లం ఇవ్వకూడదు.

ముందు ఒక వారం రాసుకోండి

పద్ధతి మొదలుపెట్టే ముందు ఏడు రోజులు నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసి రాయండి: ఎన్ని గంటలకు, అంతకు ముందు నిమిషంలో ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, ఎలా ఆగింది. నాలుగో గడి అన్నిటికంటే ముఖ్యం. చాలామంది "అదే ఆగిపోయింది" అని రాస్తారు. కాస్త తరిచి చూస్తే నానమ్మ బెల్లం ముక్క చేతిలో పెట్టి ఉంటుంది.

వారం తిరిగేసరికి మారాంలు నాలుగు కుప్పలుగా విడిపోతాయి. ఈ కుప్పలు వేయకుండా "పట్టించుకోకండి" అనే సలహాను అన్నిటికీ వాడడం వల్లే ఎక్కువమంది దెబ్బతింటారు.

కావాలనే మారాం మొదటి రకం: చాక్లెట్, ఫోన్, బండి తాళాలు. రెండోది వద్దనే మారాం: స్నానం వద్దు, అన్నం వద్దు, చెప్పులు వేసుకోను, ఇంటికి రాను. మూడోది నన్ను చూడమనే మారాం. మీరు ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు, చంటిపిల్లకు పాలు పడుతున్నప్పుడు వస్తుంది. నాలుగోది ఒళ్లు బాగోక: ఆకలి, నిద్ర, జ్వరం, చెవి పోటు, భయం.

పట్టించుకోకుండా ఉండడం మొదటిదానికీ మూడోదానికీ పనిచేస్తుంది. రెండోదానికి అదే చేస్తే పిల్లవాడికి కావాల్సింది మీరే చేతిలో పెట్టినట్టు. ఏడ్చాడు, స్నానం తప్పింది! అక్కడ ఏడుపు తగ్గేదాకా ఆగి, పనిని తగ్గించి పూర్తి చేయించాలి. తల స్నానం కాకపోతే పోనీ, రెండు చెంబులు పోసి తుడిచేయండి. మొత్తం అన్నం కాకపోతే రెండు ముద్దలు. తను చేసిన రెండు ముద్దలతోనే పని ముగిసిందని పిల్లకు తెలియాలి, ఏడుపుతో ముగిసిందని కాదు. నాలుగోదానికి పద్ధతీ లేదు, పాఠమూ లేదు. అన్నం పెట్టండి, పడుకోబెట్టండి, జ్వరం చూడండి.

మారాం పుట్టకుండా

నోట్‌బుక్‌లో సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య గళ్లు నల్లబడి ఉంటే ముందు నిద్ర లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఒకటి, రెండేళ్ల వయసులో పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ల వయసులో 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా, అంటే పదకొండింటి దాకా మేలుకుని, పొద్దున ఏడింటికి లేచి, మధ్యాహ్నం గంట పడుకునే రెండేళ్ల పిల్లకు తొమ్మిది గంటలే పడుతోంది. ఆ పిల్ల మీద ఏ చిట్కా వాడినా పెద్దగా ఫలితం ఉండదు. నిద్రవేళను ఒక్కసారే లాగకుండా మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి.

సాయంత్రం నాలుగున్నరకు కడుపులో పడేది ఏదో ఉండాలి: అరటిపండు, ఉడికించిన వేరుశనగలు మెత్తగా నలిపినవి, మిగిలిన ఇడ్లీ. పాలు ఒక్కటే ఇచ్చి సరిపెట్టడం మన ఇళ్లలో మామూలు. దాంతో ఆకలి కాసేపు అణుగుతుంది, రాత్రి అన్నం దగ్గర పేచీగా తిరిగొస్తుంది.

ఫోన్ సంగతి వేరుగా చెప్పాలి. ఏడిస్తే ఫోన్ ఇచ్చే ఇంట్లో ఏడుపు తగ్గించుకోవడమనే పని పిల్లవాడు ఎప్పటికీ సాధన చేయడు, ఆ పని ఫోన్ చేసిపెడుతోంది కనుక. రెండేళ్లలోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించొద్దు, ఎంత తక్కువైతే అంత మేలు అన్నది అదే 2019 సూచన. ఇస్తే ఏడుపుకు ముందు, వేళకు ఇవ్వండి. ఏడుపు ఆపడానికి ఇవ్వకండి.

తీసుకునేటప్పుడు "ఇంకో రెండు నిమిషాలే" అని హెచ్చరించమని అందరూ చెబుతారు. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు 2016లో తల్లిదండ్రుల చేత రాయించి చూస్తే, ఆ రెండు నిమిషాల హెచ్చరిక వచ్చినప్పుడే పిల్లలు ఎక్కువ పేచీ పెట్టారు. వీడియో తనంతట తాను అయిపోయినప్పుడూ, రోజూ అదే వేళకు ఆపే అలవాటున్నప్పుడూ గొడవ తక్కువ. కాబట్టి యూట్యూబ్‌లో ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే వచ్చే ఆటోప్లే ఆపేయండి. "ఈ పాట అయ్యాక బువ్వ" అని రోజూ ఒకే మాట, ఒకే వేళ. పాట అయిపోయిన క్షణంలో తీయండి, మధ్యలో లాక్కోకండి. తీసుకున్న వెంటనే ఆ చేతుల్లోకి ఇంకో పని రావాలి: పళ్లెం పట్టుకెళ్లడం, బఠాణీలు ఒలవడం, ఏదైనా సరే.

ఎంచుకోవడానికి రెండే ఇవ్వండి. "ఏం వేసుకుంటావ్?" అంటే బీరువా అంతా కిందకొస్తుంది. "ఎర్ర చొక్కానా, పసుపుదా?" అంటే పని నడుస్తుంది. ఎంచుకునే వీలు లేనిచోట ప్రశ్నే వేయొద్దు. "స్నానం చేద్దామా?" అని అడిగి, "వద్దు" అన్నాక ఎత్తుకెళ్లడం మాట తప్పడమే. "స్నానానికి వెళ్తున్నాం. బాతు తెచ్చుకుంటావా, కప్పు తెచ్చుకుంటావా?" అనండి.

చివరిగా "వద్దు"లు లెక్కపెట్టండి. ఒక గంటలో ఎన్నిసార్లు అన్నారో వేళ్ల మీద ఎంచుకుంటే మీకే నవ్వొస్తుంది. మందులు, కత్తిపీట, గాజు సీసాలు అందనంత ఎత్తున పెడితే వాటిలో సగం పోతాయి. మిగిలిన సగమే నిలబెట్టుకోవాలి.

మొదలైనప్పుడు

మొదటి అయిదు సెకన్లలో ఒక్కటే తేల్చుకోండి: ఇది ఇస్తానా, ఇవ్వనా? ఇచ్చేదైతే అడగ్గానే ఇచ్చేయండి, సంతోషంగా ఇవ్వండి. ఇవ్వనిదైతే ఇక ఇవ్వొద్దు. అన్నిటికంటే చెడ్డది మధ్యలో మారడం. మూడో నిమిషంలో ఇవ్వడం కంటే మొదటి సెకనులో ఇవ్వడం వెయ్యి రెట్లు నయం.

ఇవ్వకూడదని తేల్చుకున్నాక వరస ఇది.

1. చుట్టుపక్కల చూడండి. తల తగిలే గట్టు, మెట్టు, వేడి గిన్నె, రోడ్డు ఉంటే పిల్లను అక్కణ్ణుంచి పక్కకు జరపండి. మాట్లాడకుండా జరపండి. తలకింద చున్నీయో తువ్వాలో పెడితే చాలు.

2. కిందకు కూర్చుని, కళ్ల ఎత్తున, ఒక్కసారి చెప్పండి: "చాక్లెట్ కావాలి నీకు. కోపం వచ్చింది. ఇప్పుడు లేదు." ముక్కకు మూడు మాటలు మించొద్దు. కోపానికి పేరు పెట్టడం ఈ క్షణంలో దాన్ని ఆపదు. నాలుగు నెలలు పోయాక వాడే "కోపం వచ్చింది" అని చెప్పడానికి వేస్తున్న విత్తనం అది.

3. లేచి రెండు మూడడుగుల దూరంలో ఉండండి. చూపు వాడి మీద నాటకుండా, వాడికి మాత్రం మీరు కనబడేలా. ఉల్లిపాయలు తరుక్కోండి, బట్టలు మడతపెట్టుకోండి. "నేను వెళ్లిపోతున్నా, నువ్విక్కడే ఉండు" అని గదిలోంచి పోవడం తప్పు. కోపంగా ఉన్న పిల్లవాడికి భయం కూడా తోడవుతుంది, అప్పుడది వేరే ఏడుపు.

4. కొడితే, కొరికితే చెయ్యి పట్టుకుని "కొట్టకూడదు" అని ఒక్కమాట. గట్టిగా నొక్కకండి. విసిరిన వస్తువును తీసి పక్కన పెట్టేయండి.

5. పైన చెప్పిన దిగే గుర్తు కనబడగానే దగ్గరికి వెళ్లండి. ఎత్తుకుని, నీళ్లు తాగించి, ముఖం తుడవండి. ఉపన్యాసం వద్దు. "చూశావా, ఎంత ఏడ్చావో!" అనేది కూడా ఉపన్యాసమే.

6. తర్వాత గంటలో అదే పిల్లవాడు ఏదైనా మామూలు గొంతుతో అడిగితే పట్టుకోండి. "చక్కగా అడిగావు, ఇదిగో" అని ఆ క్షణంలోనే ఇవ్వండి. పద్ధతిలో ఎక్కువమంది వదిలేసే భాగం ఇదే. అరిచి అడిగే దారి మూసేసి, మామూలుగా అడిగే దారి తెరవకపోతే పిల్లవాడు మూడో దారి వెతుక్కుంటాడు. అది సాధారణంగా తమ్ముణ్ణి గిల్లడం అవుతుంది.

తగ్గేముందు పెరగొచ్చు, ఆ తర్వాత మేనత్త వస్తుంది

మొదటి మూడు నాలుగు రోజులు మారాం ఇంకా పెరగొచ్చు. ఇది పద్ధతి పనిచేయడం లేదనడానికి గుర్తు కాదు. లిఫ్ట్ బటన్ నొక్కితే రాకపోతే మనం వెళ్లిపోం, నాలుగైదుసార్లు గట్టిగా నొక్కుతాం. పిల్లవాడు చేసేదీ అదే. సరిగ్గా ఈ రోజుల్లోనే ఓపిక పోయి ఇచ్చేస్తే, ఇంత గట్టిగా నొక్కితేనే లిఫ్ట్ వస్తుందని నేర్పినట్టు. అందుకే పరీక్షలున్న వారం, ఇంట్లో పెళ్లి ఉన్న వారం, మీకే జ్వరంగా ఉన్న వారం ఈ పద్ధతి మొదలుపెట్టకండి.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది, ఉమ్మడి కుటుంబాలవాళ్లు తప్పక తెలుసుకోవాలి. 1959లో కార్ల్ విలియమ్స్ అనే పరిశోధకుడు 21 నెలల పిల్లవాడి గురించి రాశాడు. వాడికి మొదటి ఏడాదిన్నరలో చాలాకాలం జబ్బు. ఇంట్లోవాళ్లు కంటికి రెప్పలా చూసుకున్నారు. జబ్బు తగ్గాక కూడా రాత్రి పడుకునేటప్పుడు ఎవరో ఒకరు గదిలో ఉండాల్సిందే, లేకపోతే అరుపులు. అమ్మానాన్నలతోపాటు ఒక అత్త కూడా వంతులేసుకుని పడుకోబెట్టేది. డాక్టర్లు వాణ్ణి పరీక్షించి ఒంట్లో ఏమీ లేదన్నాక ఒక నిర్ణయం తీసుకున్నారు: నెమ్మదిగా పడుకోబెట్టి, తలుపు మూసి, మళ్లీ లోపలికి వెళ్లకూడదని. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి ఏడుపే లేదు, నవ్వుతూ పడుకున్నాడు.

వారం గడిచింది. ఒక రాత్రి అత్త పడుకోబెట్టింది. వాడు కాస్త గోల చేశాడు. ఆవిడ మనసు ఆగక వెనక్కి వచ్చి, నిద్రపోయేదాకా కూర్చుంది. ఒక్క రాత్రే. మరుసటి రాత్రి నుంచి అరుపులు మొదటి రాత్రి లెక్కకు వచ్చేశాయి. మళ్లీ తొమ్మిది రాత్రులు మొదటి నుంచీ నడవాల్సి వచ్చింది. ఆ తర్వాత మాత్రం తిరిగి రాలేదు. మూడు ముప్పావేళ్లప్పుడు చూస్తే పిల్లవాడు కలుపుగోలుగా, హుషారుగా ఉన్నాడు.

నిద్ర దగ్గర తలుపు మూసేయడం మన ఇళ్లకు నప్పదు, ఒకే గదిలో అందరం పడుకునేవాళ్లకు అసలు కుదరదు. చేయమని చెప్పడం లేదు కూడా. ఇక్కడ పట్టుకోవాల్సింది అత్త చేసిన పని. పదిసార్లలో ఒక్కసారి ఫలిస్తే చాలు, పిల్లవాడు మిగతా తొమ్మిదిసార్లూ ప్రయత్నిస్తూనే ఉంటాడు. ఎప్పుడు వస్తుందో తెలియని లాభానికే మనిషి ఎక్కువ అతుక్కుపోతాడు. లాటరీ టికెట్ కొనేవాళ్లను చూడండి.

కాబట్టి పద్ధతి మొదలయ్యే ముందు రోజు రాత్రి ఇంట్లో అందరూ కూర్చోవాలి. పెద్దవాళ్లతో "మీరు చెడగొడుతున్నారు" అంటే పని కాదు. ఇలా చెప్పి చూడండి: "అత్తయ్యా, రెండు వారాలు చాక్లెట్ సంగతి ఒక్కటీ నాకు వదిలేయండి. ఏడ్చేటప్పుడు మీరు పెరట్లోకి వెళ్లిపోయినా పర్లేదు. ఏడుపు తగ్గాక మాత్రం మీ దగ్గరికే పంపిస్తా, మీరే ఎత్తుకోండి." నానమ్మకు ఓదార్చే పాత్ర దక్కుతుంది, ఇవ్వని పాత్ర మీకు. ఒకేసారి అన్ని అలవాట్ల మీదా పడకండి. ఒక్క విషయం ఎంచుకోండి, అది తేలాక రెండోది. రోజుకోసారి గంటసేపు పిల్లవాణ్ణి చూసే మేనమామ, పక్కింటి పిన్నిగారు వగైరాల్ని అదుపు చేయలేరు, చేయక్కర్లేదు కూడా. వాళ్ల దగ్గర ఒక నియమం, మీ దగ్గర ఒక నియమం ఉంటుందని పిల్లలు తొందరగానే పసిగడతారు. ఒకే మనిషి దగ్గర రోజుకో నియమం ఉంటేనే తికమక.

ఫంక్షన్ హాల్, బస్సు, కొట్టు

నలుగురిలో ఉన్నప్పుడు మనం దిగివచ్చేది పిల్లవాడి ఏడుపుకు కాదు, చూసేవాళ్ల కళ్లకు. కొట్టు లోపలికి వెళ్లే ముందే చెప్పండి: "ఉప్పు, సబ్బు కొంటాం. చాక్లెట్ కొనం. నువ్వు సబ్బు పట్టుకో." చేతిలో బాధ్యత ఉన్న పిల్ల చెయ్యి చాచడం తగ్గుతుంది. అయినా మొదలైతే సరుకులు గల్లా దగ్గరే వదిలి, ఎత్తుకుని బయటి అరుగు మీద కూర్చోండి. అయ్యాక లోపలికి వెళ్లి పని పూర్తి చేయండి. ఇంటికి తిరిగి వెళ్లిపోతే, అసలు కొట్టుకే రానన్న పిల్లకు అదే బహుమతి అవుతుంది. పెళ్లిళ్లలో మైకు హోరు, ఆలస్యపు భోజనం, పదిమంది బుగ్గలు గిల్లడం కలిసి వస్తాయి. అది నాలుగో రకం మారాం. మండపం వెనక గదిలోకి తీసుకెళ్లి పడుకోబెట్టడమే మందు. బస్సులో బయటికి వెళ్లే దారి లేదు. అక్కడ కిటికీ పక్కన ఒళ్లో పట్టుకుని, పక్కవాళ్లు జేబులోంచి తీసే బిస్కెట్టును "తర్వాత తింటుందండీ" అని మీరు అందుకుని సంచిలో వేసుకోవాలి.

గుక్క పట్టినప్పుడు

కొందరు పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి వదిలేసి మళ్లీ పీల్చుకోరు. పెదాలు నీలమవుతాయి, ఒళ్లు వాలిపోతుంది, ఒకటి రెండు కుదుపులు కూడా రావచ్చు. చూసేవాళ్ల ప్రాణాలు పోతాయి. పిల్ల మాత్రం మామూలుగా నిమిషంలోపే ఊపిరి తీసుకుని లేస్తుంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా కనిపించే ఈ గుక్కలు కావాలని చేసేవి కావు, వాటంతటవే పోతాయి.

ఆ నిమిషంలో చదునుగా, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు. పట్టుకుని ఊపొద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఒరిగేది లేదు. నిమిషం దాటినా ఊపిరి రాకపోతే, తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చినా, ఆరు నెలలలోపు వచ్చినా, ఏడుపూ దెబ్బా లేకుండా వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. మూర్ఛ, గుండె లయ ఇబ్బందులు కావని ఆయన తేల్చాలి.

రక్తపరీక్ష అడగడం మరవకండి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో గుక్కలు ఎక్కువ, ఐరన్ ఇస్తే చాలామందిలో తగ్గుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. కనుక మన దగ్గర ఇది దూరపు అనుమానం కాదు. అన్నం మానేసి పాల మీదే నడిచే పిల్లల్లో మరీ ఎక్కువ. మందు మోతాదు బరువును బట్టి డాక్టరే రాయాలి.

గుక్క పడుతుందన్న భయంతో ఇంట్లో ఎవరూ "వద్దు" అనడం మానేస్తారు. ఇక్కడే చాలా ఇళ్లు చిక్కుకుపోతాయి. డాక్టరు చూసి ఫర్వాలేదన్నాక పైన చెప్పిన వరసే ఈ పిల్లలకూ.

పని చేసినట్టే కనబడి చెడగొట్టేవి

బూచాడు, పోలీసు, ఇంజక్షన్ డాక్టరు. వెంటనే ఏడుపు ఆగుతుంది, నిజమే. కోపం మీద భయం మూత పెట్టారు, అంతే. రాత్రి ఒంటరిగా బాత్రూముకు వెళ్లనని మొరాయించినప్పుడూ, నిజంగా టీకా వేయించాల్సిన రోజునా ఆ అప్పు తీర్చాల్సి వస్తుంది.

దెబ్బ కూడా అంతే. దెబ్బ వల్ల మంచి నడవడిక వస్తుందని పరిశోధనల్లో తేలలేదు, దెబ్బలు తినే పిల్లల్లో ఎదురు కొట్టడం ఎక్కువగా కనిపించింది. కొట్టి, మనసు కరిగి, వెంటనే చాక్లెట్ కొనిపెట్టే ఇళ్లున్నాయి. అక్కడ దెబ్బ చాక్లెట్‌కు టోకెన్ అవుతుంది.

"ఏడుపు ఆపితే ఐస్‌క్రీమ్" అనేది లంచం. "అన్నం తిన్నాక ఐస్‌క్రీమ్" అని ముందే చెప్పడం ఒప్పందం. రెండిటికీ తేడా ఏడుపు మొదలవడానికి ముందు అన్నారా, తర్వాత అన్నారా అన్నదే.

డాక్టరుకు ఎప్పుడు

సెయింట్ లూయీలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఏ మారాం మామూలు హద్దు దాటిందో గుర్తించడానికి కొన్ని లెక్కలు ఇచ్చారు. సగటున 25 నిమిషాలకు మించి సాగడం. రోజుకు అయిదుకు పైగా, అలా చాలా రోజులు రావడం. సగానికి పైగా మారాంలలో మనుషుల్ని కొట్టడం, వస్తువులు పగలగొట్టడం. తన తల తనే బాదుకోవడం, తనను తనే కొరుక్కోవడం. ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప తనంతట తాను ఎప్పుడూ తేరుకోలేకపోవడం. ఒక్క గడ్డు వారాన్ని చూసి బెంగపడక్కర్లేదు. నెల పాటు ఇలాగే ఉంటే చూపించండి.

మాటల సంగతి ఇంకా తొందరగా చూడాలి. పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోయినా మారాం పద్ధతులతో కాలం గడపకండి. ముందు వినికిడి పరీక్ష, తర్వాత ఎదుగుదల పరీక్ష. "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని మూడేళ్ల దాకా ఆగడమే మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ కేంద్రాల్లో, అంటే ఎదుగుదల ఇబ్బందుల్ని తొందరగా పట్టి చూసే కేంద్రాల్లో, ఈ పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ టీచరును గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగితే దారి చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదల ఇబ్బందులున్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పిల్లతో వేగలేక మీ చెయ్యే లేచిపోతుంటే, రాత్రుళ్లు ఏడుపొస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గర పిల్లలు సాధారణంగా బుద్ధిగా కూర్చుంటారు. అందుకని ఏడు రోజుల నోట్‌బుక్, ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకెళ్లండి. వీడియో మారాం మధ్యలో కాకుండా మొదలైన చోటి నుంచి ఉండాలి, ఆడియోతో సహా. ఇంట్లో ఎవరు ఏమన్నారో కూడా ఆయన వినాలి.